పురావస్తు శాస్త్రవేత్త కావాలంటే హిస్టరీయే చదవాలా?

అక్కర్లేదు, ఆంత్రోపాలజీ, జియాలజీ పీజీలతోనూ ఈ రంగంలోకి రావచ్చు. గ్రేటర్ నోయిడాలో భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ నడిపే రెండేళ్ల పీజీ డిప్లొమాకూ ఇవి పనికొస్తాయి.

తవ్వకాల్లో శాసనాలకన్నా మట్టి పొరలు, ఎముకలు, రాళ్లే ఎక్కువ. వాటిని చదవడం చరిత్ర పుస్తకాలతో రాదు. నంద్యాల జిల్లా జ్వాలాపురంలో సుమారు 74,000 ఏళ్ల నాటి, ఇండోనేషియాలోని తోబా అగ్నిపర్వత బూడిద పొరకు కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయి. అది ఏ బూడిదో తేలబట్టే వాటి వయసు అంచనాకు అందింది.

చాలామంది ఈ ఉద్యోగమంటే రోజూ తవ్వడమే అనుకుంటారు. నిజానికి కుండపెంకులు కడిగి, ఆరబెట్టి, ఒక్కోదాని మీద తవ్విన గుంట (ట్రెంచి), పొర నంబర్లు సిరాతో రాయడానికే (విసుగు పుట్టే పనే) బోలెడు రోజులు పడతాయి. నంబరు వేయకముందే పెంకుల సంచిలో పెట్టిన వివరాల చీటీ పోయిందా, ఆ పెంకు ఏ పొరదో ఇక తేలదు.