2022లో వియన్నా వైకింగ్స్ తొలి సీజన్‌లోనే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఈఎల్ఎఫ్ (యూరోపియన్ లీగ్ ఆఫ్ ఫుట్‌బాల్) టైటిల్ ఎలా గెలిచింది?

ఈ లీగ్‌కు కొత్తే గానీ, వైకింగ్స్ 1983లో పుట్టిన క్లబ్. 2004 నుంచి వరుసగా నాలుగేళ్లు, మళ్లీ 2013లో యూరప్ క్లబ్‌ల టైటిల్ పోరు యూరోబౌల్ గెలిచింది. అసలు బలం అక్కడుంది.

ఎందుకో చెప్పాలంటే ముందు విదేశీ ఆటగాళ్ల నిబంధన తెలియాలి. అప్పట్లో అమెరికా, కెనడా, మెక్సికో, జపాన్ ఆటగాళ్లు జట్టుకు నలుగురే. ఒకేసారి మైదానంలో ఇద్దరే. అటాక్‌లో ఒక చోటు దాదాపు ఎప్పుడూ క్వార్టర్‌బ్యాక్‌కే, అంటే బంతి విసిరి దాడిని నడిపే ఆటగాడికే పోయేది. వైకింగ్స్‌కు ఆ స్థానంలో మిన్నెసోటాలో కాలేజీ ఆట ఆడివచ్చిన జాక్సన్ ఎర్డ్‌మన్ ఉన్నాడు. కానీ అతని ముందు గోడలా నిలబడే అఫెన్సివ్ లైన్ ఐదుగురు. ఆ ఐదుగురినీ ఆ నాలుగు దేశాల నుంచి తెచ్చుకోవడం కుదిరేది కాదు. బంతి చేతికందాక క్వార్టర్‌బ్యాక్‌కు దొరికేది రెండున్నర, మూడు సెకన్లు. లైన్‌లో ఒక్కడు తడబడినా బంతి అందుకోవాల్సిన రిసీవర్ మలుపు తిరిగేలోపే క్వార్టర్‌బ్యాక్‌ను నేలకూల్చేస్తారు. ఎంత ఖరీదైన అమెరికన్ అయినా అక్కడ చేసేదేమీ లేదు. చాలా కొత్త జట్లు దెబ్బతినేది ఇక్కడే అని నా అభిప్రాయం. వైకింగ్స్‌కు మాత్రం సొంత యువ జట్ల నుంచి ఎదిగిన ఆస్ట్రియన్లు ఉన్నారు.

అదే ఏడాది లీగ్‌లోకి వచ్చిన ఇస్తాంబుల్ రామ్స్ ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. వైకింగ్స్ మాత్రం సెప్టెంబరు 25న క్లాగెన్‌ఫుర్ట్‌లో జరిగిన ఫైనల్లో హాంబర్గ్ సీ డెవిల్స్‌ను 27-15తో ఓడించింది.