ఏడో నెలలో చంకల్లో వాపు: నాకూ ఇలాగే వచ్చింది

చెల్లీ, ఏడో నెలని, రెండు చంకల్లోనూ మెత్తగా ఉబ్బి నొప్పి పెడుతోందని, క్యాన్సరేమోనని నిద్ర పట్టడం లేదని రాశావు. నాది పర్లాకిమిడి. నా ఇద్దరు పిల్లలప్పుడూ ఇదే గొడవ. నాది చంకలో మిగిలిపోయిన రొమ్ము కండ వల్ల వచ్చిన వాపని తేలింది.

నిజానికి నాకు పెళ్లికి ముందునుంచే ఉంది, తెలియలేదంతే. నెలసరికి నాలుగు రోజుల ముందు కుడి చంకలో జాకెట్టు కుట్టు ఒరుసుకునేది. దర్జీ బిగువుగా కుట్టాడని తిట్టుకునేదాన్ని. పాపం, అతని తప్పేం లేదు.

మొదటి కాన్పయిన మూడో రోజు పాలు పడ్డాయి. తెల్లారేసరికి కుడి చంకలో నిమ్మకాయంత గడ్డ! చెయ్యి కిందికి దించలేను. బిళ్ల కట్టిందని అత్తయ్య ఆముదం రాసి, జిల్లేడాకు వెచ్చచేసి కట్టింది. సాయంత్రానికి సలుపు రెట్టింపైంది. ఇలాంటి వాపుకి వేడి పనికిరాదని తర్వాత తెలిసింది. మర్నాడు చంటిదాన్ని ఒళ్లో పెట్టుకుని పాతపట్నం మీదుగా శ్రీకాకుళం వెళ్లి స్కానింగ్ చేయించుకున్నాను.

డాక్టరమ్మ తెర మీద చూపించింది. రొమ్ములో కండ ఎలా ఉందో చంకలోనూ అలాగే ఉంది. మనం తల్లి కడుపులో ఉన్నప్పుడే, మొదటి రెండు నెలల్లోపే, చంక నుంచి గజ్జ దాకా రెండు పక్కలా గీతలాగా పాలగ్రంథుల మొలక వస్తుందట. ఛాతీ దగ్గరది ఉండి మిగతాది కరిగిపోవాలి. కొందరికి చంకలో కొంచెం మిగిలిపోతుంది. పైన చనుమొన లేకపోయినా లోపలున్నది రొమ్ము కండే కదా, హార్మోన్లు పెరిగితే దానికీ కబురందుతుంది. ఈస్ట్రోజన్, ప్రొజెస్టెరాన్‌లకి ఉబ్బుతుంది, కాన్పయ్యాక ప్రొలాక్టిన్‌కి పాలు కూడా ఊరతాయి. నీకిప్పుడు కనపడటంలో వింతేం లేదు.

కాన్పయ్యాక ఇంకా పెరిగితే కంగారుపడి పిండకు. సాధారణంగా అక్కడ పాలు బయటికొచ్చే దారి ఉండదు. పిండకుండా వదిలేస్తే ఊరడం దానంతటదే తగ్గుతుంది. చల్లటి తడిగుడ్డ వేసుకో, బిడ్డకి పాలు మాత్రం ఆపకు. నాకు పది రోజుల్లో చాలావరకు అణిగింది, పూర్తిగా పోలేదు. రెండో కాన్పులో మళ్లీ వచ్చింది, కానీ ఈసారి జిల్లేడాకుని గుమ్మం దాటనివ్వలేదు.

అలాగని నా మాట విని ఊరుకోకు. కొవ్వు గడ్డ, లింఫ్ గ్రంథి వాపు కూడా చేతికి ఇలాగే తగులుతాయి. ఒకసారి అల్ట్రాసౌండ్ చేయించు, కడుపుతో ఉన్నా ఫర్వాలేదు. రొమ్ముకొచ్చే జబ్బేదైనా, అరుదుగానైనా, దీనికీ రావచ్చు. రాయిలా గట్టిగా కదలకుండా ఉన్నా, చర్మం సొట్టపడినా, ఎర్రబడి జ్వరమొచ్చినా ఒక్కరోజు కూడా ఆగకు.

ఆపరేషన్ సంగతి పిల్లలు పాలు మానేశాక, అప్పటికీ ఇబ్బందిగా ఉంటే చూసుకోవచ్చు. నేను చేయించుకోలేదు. దర్జీకి మాత్రం కుడి చంక దగ్గర అర అంగుళం వదులు పెట్టమని చెప్తాను.