పవర్ బీఐ రిపోర్టులో మొత్తాలను లక్షల్లో, కోట్లలో చూపించడం ఎలా?

మీ ప్రశ్న సారాంశం నాకు అర్థమైనంత వరకు ఇది: పవర్ బీఐలో (మైక్రోసాఫ్ట్ వారి రిపోర్టుల సాఫ్ట్‌వేర్) చేసిన అమ్మకాల రిపోర్టులో మొత్తాలు మిలియన్లలో కనిపిస్తున్నాయి, మీ మేనేజరుకు అవి లక్షల్లో, కోట్లలో కావాలి, అందుకని మెజర్‌లోనే (మొత్తాన్ని లెక్కగట్టే ఫార్ములాలోనే) ఫార్మాట్ ఫంక్షన్ పెట్టి చివర "కోట్లు" అని జోడించారు, అప్పటి నుంచి బార్ చార్ట్ పనిచేయడం లేదు, టేబుల్‌లో వరుసక్రమం తారుమారైంది. పంపిణీ వ్యాపారానికి రిపోర్టులు తయారుచేయడమే నా రోజువారీ పని. ఈ కోరిక నాకు దాదాపు ప్రతి రిపోర్టులోనూ ఎదురవుతుంది కనుక నేను అనుసరించే పద్ధతిని వివరంగా రాస్తున్నాను.

ముందు కారణం చూద్దాం. పవర్ బీఐ ఫార్ములాల భాష అయిన డాక్స్‌లో ఫార్మాట్ ఫంక్షన్ ఏ సంఖ్యను ఇచ్చినా దాన్ని టెక్స్ట్‌గా మార్చి తిరిగి ఇస్తుంది. టెక్స్ట్‌కు ఎత్తు ఉండదు కాబట్టి దానితో బార్ గీయడం కుదరదు. వరుసక్రమం కూడా అక్షరాల ప్రకారం జరుగుతుంది. ఉదాహరణకు గుంటూరు అమ్మకాలు 9.80 కోట్లు, విజయవాడ అమ్మకాలు 12.40 కోట్లు అనుకుంటే, ఎక్కువ నుంచి తక్కువకు సర్దినప్పుడు మొదటి అక్షరం 9 అయినందున గుంటూరే పైన నిలబడుతుంది. దీనికి తోడు అసలు అమ్మకాలే లేని చోట మెజర్ బ్లాంక్ (విలువే లేదన్న గుర్తు) ఇవ్వాల్సి ఉండగా, ఫార్మాట్ ఫంక్షన్ ఖాళీ టెక్స్ట్ ఇస్తుంది. ఖాళీ టెక్స్ట్ బ్లాంక్ కాదు కాబట్టి అంతవరకు దాగి ఉన్న వరుసలన్నీ టేబుల్‌లో ప్రత్యక్షమవుతాయి. అందువల్ల మెజర్‌ను సంఖ్యగానే వదిలేసి, కనిపించే రూపాన్ని మాత్రమే మార్చే మార్గం వెతకాలి.

ఆ మార్గం 2023 ఏప్రిల్‌లో ప్రివ్యూగా వచ్చిన డైనమిక్ ఫార్మాట్ స్ట్రింగ్. మెజర్‌ను ఎంచుకుని, పైన మెజర్ టూల్స్‌లో ఉన్న ఫార్మాట్ జాబితాలో డైనమిక్ అన్నది ఎంచుకుంటే, ఫార్ములా బార్‌కు ఎడమవైపు ఒక చిన్న జాబితా వస్తుంది. అక్కడ మెజర్ ఫార్ములా, ఫార్మాట్ ఫార్ములా వేరువేరుగా ఉంటాయి. ఫార్మాట్ ఫార్ములాలో సెలెక్టెడ్ మెజర్ ఫంక్షన్‌తో విలువను ఒక వేరియబుల్‌లోకి తీసుకోండి. దాన్ని కోటితో భాగించి, ఫార్మాట్ ఫంక్షన్‌తో 0.00 రూపంలోకి తెచ్చి, " కోట్లు" జోడించి, ఆ మొత్తానికి రెండు వైపులా డబుల్ కోట్స్ తగిలించి తిరిగి ఇవ్వండి. డాక్స్‌లో ఒక డబుల్ కోట్‌ను టెక్స్ట్‌గా ఇవ్వాలంటే """" అని నాలుగు వరుసగా రాయాలి. ఈ కోట్స్‌ను మాత్రం మరిచిపోవద్దు. అవి లేకపోతే ఫలితంలోని సున్నాలను, చుక్కను ఇంజిన్ మళ్లీ ఫార్మాట్ గుర్తులుగా చదువుతుంది. ఇంత తిరుగుడు ఎందుకంటే, ఫార్మాట్ చివర పెట్టే ప్రతి కామా సంఖ్యను వెయ్యితో భాగిస్తుంది. లక్షనూ కోటినీ వేలతో భాగించుకుంటూ పోయి అందుకోలేము.

కోట్లు కావాలా లక్షలు కావాలా అన్నది ఫార్ములాయే నిర్ణయించాలనుకుంటే, విలువను కోటితో, లక్షతో పోల్చే షరతుల్లో దానికి మైనస్ గుర్తు తీసేసే ఏబీఎస్ ఫంక్షన్ వేయండి. లేదంటే మైనస్ 2 కోట్ల రిటర్నులు ఏ షరతుకూ చిక్కక పూర్తి అంకెలతో కనిపిస్తాయి. అయితే ఇలా యూనిట్ దానంతట అదే మారడం ఒకే సంఖ్యను పెద్దగా చూపించే కార్డు విజువల్‌కు మాత్రమే తగినదని నా గట్టి అభిప్రాయం. టేబుల్ కాలమ్‌లో ఒక వరుసలో 98.50 లక్షలు, దాని కింద 1.02 కోట్లు ఉంటే, పై నుంచి కిందికి వేగంగా చదివే కన్ను 98.50నే పెద్దదిగా తీసుకుంటుంది. ఒక కాలమ్‌కు ఒకే యూనిట్ పెట్టి, దాన్ని శీర్షికలోనే "అమ్మకాలు (రూ. లక్షల్లో)" అని రాసేస్తే ప్రతి గడిలోనూ ఆ మాట అవసరం ఉండదు. ఆ యూనిట్ ఎంచుకునేటప్పుడు చిన్న విలువలనూ చూడండి. కోట్లలో రెండు దశాంశ స్థానాలంటే కనిపించే అతి చిన్న మెట్టు లక్ష రూపాయలు. 40,000 రూపాయలు అమ్మిన దుకాణం 0.00గా కనిపిస్తుంది, చదివేవారు అక్కడ అమ్మకమే జరగలేదనుకుంటారు. ఒక దుకాణదారుడి నెల శ్రమ సున్నాగా కనిపించే రిపోర్టును నేను పంపించను. అలాంటి చోట లక్షలకో, పూర్తి రూపాయలకో మారుస్తాను.

పూర్తి రూపాయలే చూపించాలనుకుంటే ఆ ఫార్మాట్ ఫార్ములాలోనే ఫార్మాట్ ఫంక్షన్ మూడో ఆర్గ్యుమెంట్‌గా ఇంగ్లిష్ (ఇండియా) లొకేల్ కోడ్ "en-IN" ఇవ్వండి, కామాలు 12,34,567 పద్ధతిలో పడతాయి. ఇంతా చేశాక కూడా విజువల్‌లో మార్పు కనిపించకపోతే, ఫార్మాటింగ్ పేన్‌లో డిస్‌ప్లే యూనిట్స్ ఆటో అని ఉందేమో చూసి నన్ (None) అని మార్చండి. చార్టులో అక్షం మీది అంకెలకు ఈ పద్ధతిని నమ్ముకోవద్దు. నేను అక్షాన్ని తీసేసి డేటా లేబుల్స్ పెడతాను.

అదే రిపోర్టు ఎక్సెల్‌లోనూ కావాలన్నారు. అక్కడ కస్టమ్ ఫార్మాట్‌లో ఇది పెట్టండి:

[>=10000000]##\,##\,##\,##0;[>=100000]##\,##\,##0;##,##0

ఎక్సెల్ ఇలాంటి షరతులు రెండింటినే అనుమతిస్తుంది. అందుకే రుణ సంఖ్యలన్నీ మూడో భాగంలో పడి -12,345,678 లాగా కనిపిస్తాయి. వాటికి కండిషనల్ ఫార్మాటింగ్‌లో రెండు నియమాలు పెట్టండి: -10000000 లేదా అంతకంటే తక్కువైతే ##\,##\,##\,##0, -100000 లేదా అంతకంటే తక్కువైతే ##\,##\,##0. కోటి నియమం పైన ఉండాలి. విండోస్ రీజియన్‌ను ఇంగ్లిష్ (ఇండియా)గా మార్చినా మామూలు కామాలే లక్షల పద్ధతిలో పడతాయి కానీ, ఆ మార్పు మీ కంప్యూటర్‌కే పరిమితం; ఫైలు అందుకున్నవారికి వారి సెట్టింగ్ ప్రకారమే కనిపిస్తుంది. పివోట్ టేబుల్ అయితే గడులను ఎంచుకుని ఫార్మాట్ చేయకుండా, వాల్యూ ఫీల్డ్ సెట్టింగ్స్‌లోని నంబర్ ఫార్మాట్‌లో ఈ కోడ్ పెట్టండి. అప్పుడు అది ఆ ఫీల్డ్‌కే అంటిపెట్టుకుని, రిఫ్రెష్ చేసి కొత్త వరుసలు వచ్చినా వాటికీ వర్తిస్తుంది.