ఆసు, రెండు పట్టుకుని ఎలా ఓడిపోయాను?

ప్రశ్న: డాలస్‌లో మా ఫ్రెండ్స్ అందరం నెలకోసారి ఎవరో ఒకరి గరాజ్‌లో కూర్చుని పేకాట ఆడుకుంటాం. ఇన్నాళ్లూ రమ్మీ, లేదంటే హోల్డెమ్ పోకర్. పోయినసారి ఒకాయన ఒమాహా హై-లో అనే ఇంకో రకం పోకర్ మొదలుపెట్టించాడు. నా చేతిలో ఆసు, రెండు, తొమ్మిది, రాజు ఉన్నాయి. బల్ల మీద 3, 7, 8 పడ్డాయి, తర్వాత రాణి. చిన్న చెయ్యి నాదేనని ధీమాగా పందెం పెంచుకుంటూ పోయాను. చివరి ముక్క ఇంకో రెండు వచ్చింది. ఆసు, నాలుగు ఉన్న ఆయన చిన్న చేతి సగం లాగేసుకున్నాడు. ఆసు, రెండు కంటే ఆసు, నాలుగు గొప్పదెలా అయింది?

జవాబు: మీ రెండు ఎక్కడికీ పోలేదండీ, బల్ల మీదకి ఇంకో రెండు వచ్చేసరికి అది అందరి సొత్తూ అయిపోయింది, అంతే. ముందు ఆట సంగతి చూద్దాం. ఒక్కొక్కరికి నాలుగు ముక్కలు పంచుతారు, బల్ల మీద అయిదు తెరుస్తారు, మొదట మూడు, తర్వాత ఒకటి, ఆఖరికి ఇంకొకటి. పాట్‌లో, అంటే అందరూ పెట్టిన పందెం మొత్తంలో, సగం పెద్ద చేతికి, సగం చిన్న చేతికి. ఏ చెయ్యి కట్టినా మీ నాలుగింటిలో కచ్చితంగా రెండు, బల్ల మీది మూడు వాడాలి. పెద్దదానికి ఒక రెండు ముక్కలు, చిన్నదానికి వేరే రెండు ముక్కలు వాడుకోవచ్చు, ఆ స్వేచ్ఛ ఉంది.

చిన్న చెయ్యి అంటే అయిదు వేర్వేరు అంకెలు, అన్నీ ఎనిమిది లేదా అంతకన్నా తక్కువ. జత ఉండకూడదు. ఆసు ఇక్కడ ఒకటి కింద లెక్క (పెద్ద చేతికి మళ్లీ పెద్ద ఆసే, రెండు వైపులా పనికొస్తుంది కాబట్టే దానికంత గిరాకీ). వరుస కలిసినా, రంగు కలిసినా చిన్న చేతికి నష్టం లేదు, అందుకే ఆసు-2-3-4-5 అన్నిటికన్నా చిన్నది, అదే సమయంలో పెద్ద వైపు స్ట్రెయిట్ (వరుసగా అయిదు ముక్కలు) కూడా.

రెండు చిన్న చేతుల్ని పోల్చడానికి నేను వాడే కిటుకు ఒకటి చెప్తాను. అయిదు ముక్కల్నీ పెద్దదాని నుంచి కిందికి పేర్చి ఒకే సంఖ్యలా చదవండి, తక్కువ సంఖ్యది గెలుపు. మీరు ఆసు, రెండు వాడితే బల్ల మీద తీసుకోగలిగింది 3, 7, 8 మాత్రమే, ఎందుకంటే అక్కడి రెండు తీసుకుంటే జత అయిపోతుంది. అంటే మీది 87321. ఆయన ఆసు, నాలుగుకి బల్ల మీది 2, 3, 7 కలుపుకున్నాడు, 74321. చూశారా, పదమూడు వేల తేడా! ఇలా మన చేతిలోని అంకే బల్ల మీదా పడి మన ముక్క విలువ పోవడాన్ని కౌంటర్‌ఫీట్ అవ్వడం అంటారు. మీ తొమ్మిది బదులు నాలుగు ఉండుంటే ఆయనతో సమానంగా నిలిచేవారు. ఆసు, రెండుతో పాటు మూడో నాలుగో ఇంకో చిన్న ముక్క తోడుండాలని పాతవాళ్లు మొత్తుకునేది ఇందుకే. తొమ్మిది ఈ ఆటలో అటూ ఇటూ కాని ముక్క.

ప్రశ్న: చేతిలో ఇస్పేటు ఆసు, బల్ల మీద నాలుగు ఇస్పేట్లు. ఫ్లష్ (అయిదూ ఒకే రంగు) అని చూపిస్తే కాదన్నారు. నన్ను మోసం చేశారా?

జవాబు: లేదు, వాళ్లదే కరెక్టు. చేతిలోంచి రెండు వాడి తీరాలి కదా, మీ దగ్గరున్నది ఒకే ఇస్పేటు. హోల్డెమ్ నుంచి వచ్చిన ప్రతి ఒక్కరూ ఈ దెబ్బ ఒకసారి తింటారు, నేనైతే మూడుసార్లు తిన్నాను.

ప్రశ్న: నాకు ఆసు, రెండు బాగానే వస్తున్నాయి. చిన్న చెయ్యి తరచూ గెలుస్తున్నాను కూడా. అయినా ఇంటికెళ్లేసరికి చిప్స్ తగ్గిపోతున్నాయి, ఎందుకు?

జవాబు: మీలాగే ఇంకొకాయన కూడా ఆసు, రెండే పట్టుకుని కూర్చుంటున్నాడు గనక. లెక్క వేద్దాం. ముగ్గురు తలా 40 పెట్టారు, పాట్ 120. పెద్ద చేతికి 60 పోయింది. మిగతా 60 మీ ఇద్దరికీ చెరో 30. పెట్టింది 40, వచ్చింది 30, పైగా గెలిచానన్న సంబరం! నలుగురుంటే పెట్టింది పెట్టినట్టు తిరిగొస్తుంది, అయిదో మనిషి ఉంటేనే ఏమైనా మిగిలేది. కాబట్టి ముగ్గురే మిగిలినప్పుడు ఒట్టి ఆసు, రెండుతో రెచ్చిపోయి పెంచితే ఆ పెద్ద చేతి ఆయనకి మీరే వడ్డిస్తున్నట్టు.

నన్నడిగితే సగం కోసం ఆడటమే అసలు తప్పు. రెండు వైపులా దక్కే అవకాశమున్న ముక్కలతోనే దిగాలి. రెండు ఆసులు, రెండు, మూడు, అందులో ఇస్పేటు ఆసుకి ఒక ఇస్పేటు, ఆఠీను ఆసుకి ఒక ఆఠీను తోడుంటే ఇక అంతకు మించింది లేదు. 6-7-8-9 లాంటివి వరుసగా ముద్దొస్తుంటాయి గానీ, వాటికి స్ట్రెయిట్ పడిందంటే చాలాసార్లు బల్ల నిండా చిన్న ముక్కలే ఉంటాయి, సగం ఎవడో పట్టుకుపోతాడు. అదే బల్ల మీద ఎనిమిది లోపు వేర్వేరు ముక్కలు మూడు లేకపోతే చిన్న చెయ్యే ఉండదు, పాట్ మొత్తం పెద్ద చేతిదే. రమ్మీలో మొదట్లోనే డ్రాప్ అయితే ఇరవైతో బయటపడతాం చూడండి, ఇక్కడా ఆ బుద్ధే కావాలి. నచ్చని నాలుగు ముక్కలొస్తే పడేయండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉంటాను. ఫోన్‌లో డబ్బు పెట్టి ఇది నేర్చుకోవచ్చా?

జవాబు: వద్దు. తెలంగాణ 2017లోనే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించింది, ఆంధ్రప్రదేశ్ 2020లో. 2025లో కేంద్రం కూడా చట్టం చేసింది, నైపుణ్యమా అదృష్టమా అన్న వాదన అక్కడ చెల్లదు. ఇంట్లో కూర్చుని చింతగింజలతో ఆడుకుని నేర్చుకోండి.

ప్రశ్న: పాట్‌ని సగం చేస్తే ఒక చిప్ మిగిలింది. ఎవరికివ్వాలి? మా ఇంట్లో దానికోసం అరగంట గొడవ.

జవాబు: పెద్ద చేతికి.