తీసేసిన ఆ రెండు పేజీలు

అమ్మాయీ,

నీ కథలు అందాయి, రెండుసార్లు చదివాను. ఉత్తరం చివర "సర్పంచి ఇంట్లో జరిగింది తీసేశాను, పత్రికవాళ్లు ఎలాగూ వేసుకోరు" అన్నావే, అక్కడే మనసు చివుక్కుమంది. వాళ్లను అడిగావా? అడక్కుండానే కోసేశావు.

చిన్నప్పుడు మా ఊరికి విశాలాంధ్ర పుస్తకాల వ్యాను వచ్చేది. మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు అందులోనే కొన్నాను. ఉప్పల లక్ష్మణరావు, రా.రా. లాంటివాళ్లు అక్కడ ఉండి అనువదించినవి. చేతిలో చిల్లరకే గోర్కీ, చెఖోవ్. ఆ రుణం ఈ జన్మకు తీరదు. అదే మాస్కోలో, 1922లో పెట్టిన గ్లావ్‌లిట్ అనే సెన్సారు శాఖ సరేననందే పుస్తకం అచ్చుకెక్కేది కాదని చాలా ఏళ్లకు తెలిసింది. ప్రెస్సూ సర్కారుదే, కాగితమూ సర్కారుదే. స్టాలిన్ రహస్య పోలీసు అధిపతి బేరియాను కాల్చి చంపాక, 1954లో, అక్కడి విజ్ఞాన సర్వస్వం చందాదారులకు పోస్టులో కొన్ని పేజీలు వచ్చాయి. ఐదో సంపుటంలో అతని గురించి ఉన్న పేజీలను కత్తెరతోనో బ్లేడుతోనో, కుట్టు దగ్గర కాస్త అంచు వదిలి కోసేసి, వీటిని అతికించుకోమని. కొత్త పేజీల్లో ఉన్నది బేరింగ్ సముద్రం! బ్లేడు పాఠకుడి చేతికే ఇచ్చారమ్మా. నీ ఉత్తరం చదువుతుంటే నాకు ఆ బ్లేడే కనబడింది.

వసీలీ గ్రాస్‌మన్ స్టాలిన్‌గ్రాడ్ యుద్ధరంగం నుంచి రాసిన సోవియట్ విలేకరి. 1961 ఫిబ్రవరిలో అక్కడి రహస్య పోలీసు శాఖ కేజీబీ ఆయన నవల రాతప్రతులతో పాటు కార్బన్ కాగితాలు, టైప్‌రైటర్ రిబ్బన్లు కూడా పట్టుకుపోయింది. కొట్టిన అక్షరం వాటి మీదా మిగులుతుంది కదా. నవలను అచ్చులో చూడకుండానే 1964లో పోయాడు. స్నేహితులు దాచిన ప్రతి మైక్రోఫిల్ముగా దేశం దాటి, 1980లో స్విట్జర్లాండ్‌లో పుస్తకమైంది. సొంత దేశంలో 1988లో గానీ రాలేదు.

ఇదంతా చాలామంది చెప్పేదే. నన్ను పట్టుకుని వదలనిది మరొకటి. స్టాలిన్ చివరి రోజుల్లో, 1953లో, యూదు డాక్టర్ల మీద తప్పుడు నేరం మోపినప్పుడు, వాళ్లను శిక్షించమనే ఉత్తరం మీద గ్రాస్‌మనూ సంతకం పెట్టాడు. తనూ యూదుడే. భయపడ్డాడు. ఆ నవలలో ష్ట్రుమ్ అనే శాస్త్రవేత్త అలాంటి ఉత్తరం మీదే సంతకం పెట్టి, లోలోపల కుమిలిపోతాడు. తను జారిపడ్డ చోటును దాటేసి పోకుండా, అక్కడే నిలబడి రాశాడాయన.

మనకిక్కడ గ్లావ్‌లిట్ లేదు. పత్రిక తిప్పి పంపితే ఇంకో పత్రిక ఉంది. నీ భయం కూడా నాకు అర్థమవుతుంది, ఊళ్లో మీవాళ్లు బతకాలి. పేర్లు మార్చు, ఊరు మార్చు, అచ్చుకివ్వడానికి ఏడాది ఆగు. రాయడం మాత్రం పూర్తిగా రాయి.

పోయిన సంక్రాంతికి ఫోనులో చెప్పావు, సర్పంచి ఇంటి అరుగు మీద మీ నాన్నకు విడిగా పెట్టిన గ్లాసు గురించి. తాగాక ఆయనే కడిగి, చూరులో దోపి వచ్చాడన్నావు. ఆ రెండు పేజీలూ ఉన్నవి ఉన్నట్టుగా నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు