అడ్మిన్ పాస్‌వర్డ్ లేని ఆఫీసు కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్ నుంచే బ్యాకప్ తీసుకోవడం ఎలా?

మీ ప్రశ్న: చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తారు. టాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) డేటా, తోతాపురి తూకం చీటీల స్కాన్‌లు రోజూ పెన్‌డ్రైవ్‌లోకి తీసి, తిరుపతిలోని ఆడిటర్ ఆఫీసులో చూపించాలి. అడ్మిన్ పాస్‌వర్డ్ మీ దగ్గర లేదు.

ఫ్రీఫైల్‌సింక్ (రెండు ఫోల్డర్లను పోల్చి కాపీ చేసే ప్రోగ్రాము) పోర్టబుల్, అంటే ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే రకం, సరిపోతుంది. విరాళం ఇచ్చినవాళ్లకు వచ్చే ఎడిషన్‌లో దొరుకుతుంది. మామూలు సెటప్ ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నంత మాత్రాన అది పోర్టబుల్ కాదు, నొక్కగానే అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. పెన్‌డ్రైవ్ నుంచి ప్రోగ్రాములు నడవకుండా ఆఫీసువాళ్లే ఆపి ఉంటే మాత్రం, దొడ్డిదారి వెతక్కుండా సిస్టమ్స్ చూసేవాళ్లనే అడగండి.

ఎక్కువమందికి దెబ్బ తగిలేది టాలీ దగ్గర. పోర్టబుల్ అంటే ఇన్‌స్టాల్ అక్కర్లేదనే గానీ అడ్మిన్ హక్కులు వచ్చేస్తాయని కాదు. తెరిచి ఉన్న ఫైళ్లను కాపీ చేయాలంటే విండోస్ షాడో కాపీ (ఫైళ్లను ఆ క్షణంలో ఉన్నట్టే పట్టే సదుపాయం) కావాలి, దానికి అడ్మిన్ హక్కు తప్పనిసరి. టాలీలో కంపెనీ (మీ ఫ్యాక్టరీ ఖాతా) తెరిచి ఉండగా కాపీ చేస్తే కొన్ని ఫైళ్లు వస్తాయి, కొన్ని రాకపోవచ్చు. అలాంటి సగం డేటా ఆడిటర్ దగ్గర తెరుచుకోకపోవచ్చు. కాబట్టి ముందు కంపెనీని షట్ చేసి టాలీ మూసేయండి. నెట్‌వర్క్‌లో వేరే సిస్టమ్‌లో తెరిచి ఉంటే అక్కడ కూడా. ఆ తర్వాతే అంకెల పేరుతో ఉండే కంపెనీ ఫోల్డర్‌ను మొత్తంగా తీసుకోండి, లోపలి ఫైళ్లు ఏరుకోవద్దు.

ఫ్రీఫైల్‌సింక్ సెట్టింగ్స్‌లో 'మిర్రర్' వద్దు, కొత్తవి, మారినవి మాత్రమే కాపీ చేసే 'అప్‌డేట్' పెట్టండి. మిర్రర్‌లో ఆఫీసు కంప్యూటర్‌లో పొరపాటున చెరిగిన చీటీ పెన్‌డ్రైవ్‌లోనూ చెరిగిపోతుంది. ఎడమ (అసలు డేటా), కుడి (కాపీ) వైపులు తారుమారైతే ఇంకా ఘోరం, పాత డేటా వచ్చి కొత్తదాన్ని తుడిచేస్తుంది. పాత కాపీల కోసం వెర్షనింగ్ ఆన్ చేసి, వేరే ఫోల్డర్ చూపించండి.

పెన్‌డ్రైవ్ ఒక కంప్యూటర్‌లో 'ఈ' (E) డ్రైవ్‌గా, ఇంకోదాంట్లో 'ఎఫ్' (F) డ్రైవ్‌గా కనబడుతుంది, దాంతో నిన్న నడిచిన జాబ్ (సేవ్ చేసి పెట్టుకున్న కాపీ పని) ఇవాళ ఫోల్డర్ లేదంటుంది. డ్రైవ్ అక్షరం బదులు పెన్‌డ్రైవ్‌కు పెట్టిన పేరును చదరపు బ్రాకెట్లలో రాస్తే ఎక్కడ పెట్టినా పట్టుకుంటుంది. ఎఫ్‌ఏటీ32 ఫార్మాట్‌లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు, ఎన్‌టీఎఫ్‌ఎస్ చేసుకోండి. ఫార్మాట్ చేస్తే ఉన్నదంతా పోతుంది, ముందే బయటకు తీసి పెట్టుకోండి.

డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే విస్టా నుంచి విండోస్‌లోనే రోబోకాపీ అనే కాపీ కమాండ్ ఉంది. చదవలేని ఫైలు తగిలితే 30 సెకన్లకోసారి చొప్పున 10 లక్షల సార్లు ప్రయత్నిస్తుంది, అందుకే ఆగిపోయినట్టు కనిపిస్తుంది. కమాండ్ చివర స్లాష్ ఆర్ కోలన్ 1, స్లాష్ డబ్ల్యూ కోలన్ 1 (/R:1 /W:1) చేర్చితే ఇంకొక్కసారి మాత్రమే ప్రయత్నించి ముందుకు పోతుంది.

పని అయ్యాక ఎజెక్ట్ చేసి తీయండి. తిరుపతి బయల్దేరే ముందే ఆ కాపీని ఇంకో కంప్యూటర్‌లో పెట్టి, టాలీలో ఆ రోజు చివరి వోచర్ కనిపిస్తోందో లేదో చూసుకోండి.