ఉద్దానం పీహెచ్‌సీలో చేరిన డాక్టరమ్మకు

చిరంజీవి డాక్టరమ్మకు ఆశీస్సులు.

నీవు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో (పీహెచ్‌సీలో) వైద్యాధికారిగా చేరావని మీ నాన్నగారు ఫోన్‌లో చెప్పి, ఆ తీరంలోనే ఉద్యోగం చేసి విరమించినవాణ్ణి కనుక నాలుగు మాటలు రాయమని అడిగారు. నేను ముఖ్యంగా చెప్పదలచినది ఒక్కటే. పోయిన నెల బీపీ, షుగరు మాత్రలు తీసుకెళ్లినవారిలో ఈ నెల రానివారు ఎవరో నీకు పేరుపేరునా తెలిసి ఉండాలి. పీహెచ్‌సీ నాణ్యతను నేను దానితోనే కొలుస్తాను. తనిఖీ బృందం వస్తోందంటే గోడలకు రంగులు పడతాయి, మొక్కల కుండీలు వస్తాయి. వాటిని కాదనను గానీ, వాటివల్ల ఎవరి రక్తపోటూ తగ్గదు.

30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగరు పరీక్షలతో పాటు నోటి క్యాన్సర్ పరీక్ష, స్త్రీలకైతే రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలు కూడా చేయాలన్నది నిబంధన. పైనుంచి నిన్ను తరచుగా అడిగేది ఎంతమందిని పరీక్షించావన్న లెక్క. బీపీ ఉందని తేలినవారిలో ఆరు నెలల తరువాత ఎంతమందికి 140/90 లోపు ఉన్నదన్న లెక్క ఎవరూ అడగకపోయినా నీవు వేసుకో. 2017లో పంజాబ్, కేరళ, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, తెలంగాణలలో మొదలైన రక్తపోటు నియంత్రణ కార్యక్రమం ఈ పద్ధతినే పట్టుకుంది: మనిషికొక కార్డు, అందరికీ ఒకే మందుల క్రమం, మూడు నెలలకొకసారి నియంత్రణ లెక్క. ఇప్పుడు అన్నీ యాప్‌లో ఉన్నా, ఊరివారీగా పేర్చిన కార్డుల పెట్టె ఒకటి ఫార్మసిస్టు దగ్గర ఉంచు. నెలాఖరున పెట్టెలో కదలకుండా మిగిలిన కార్డులను ఆ ఊరి ఆశా కార్యకర్తకు, ఏఎన్‌ఎమ్‌కు ఇచ్చి, వారెందుకు రాలేదో కనుక్కుని రమ్మను.

వారు తెచ్చే కారణాలు వింటే నీకు సగం దారి దొరుకుతుంది. తలనొప్పి లేదు కనుక బీపీ తగ్గిపోయిందని మాత్రలు మానేసినవారు ఉంటారు. పీహెచ్‌సీకి రావాలంటే ఆ పూట కూలి పోతుందనేవారు ఉంటారు. వారికి 104 వాహనం ఊరికి వచ్చే రోజునే మందులు అందేలా చూడు. బీపీ మాత్ర ఆమ్లోడిపిన్ వాడితే కొందరికి పాదాలు వాస్తాయి. వేరే ప్రాంతంలో అది చిన్న ఇబ్బంది, కానీ కాళ్లవాపు అనగానే కిడ్నీ జబ్బు గుర్తుకొచ్చే ఉద్దానంలో ఆ మనిషి హడలిపోయి మాత్రతో పాటు నిన్నూ వదిలేస్తాడు. కాబట్టి మొదటిసారి మందు రాసే రోజునే ఆ మాట చెప్పి, వాపు వస్తే మందు మారుస్తాను గానీ మానవద్దని ధైర్యం ఇవ్వాలి.

కిడ్నీ సంగతి కొంచెం వివరంగా రాస్తాను. ఈ ప్రాంతపు జబ్బుకు కారణం నీరా, నేలా, ఎండలో పనా, మరొకటా అన్నది ఇన్నేళ్ల పరిశోధనల తరువాత కూడా తేలలేదు; అందుచేత కారణం అడిగినవారికి ఏదో ఒకటి చెప్పి పంపకు. హిరమండలం నుంచి శుద్ధజలం తెచ్చే పథకం, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. అవి పెద్ద ఏర్పాట్లే, కానీ జబ్బును ముందుగా పట్టుకోవలసింది నీ ల్యాబ్‌లోనే. ఇక్కడి జబ్బు షుగరు, బీపీ లేనివారికి కూడా, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ పెద్దగా కనిపించకుండానే రావచ్చు కనుక మూత్రం పట్టీ పరీక్ష బాగుందని సంతృప్తి పడకుండా రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టవలసిన వ్యర్థం) పరీక్ష చేయించు. ఆ అంకెను వయసుతో కలిపి చూడాలి. 60 ఏళ్ల స్త్రీకి క్రియాటినిన్ 1.2 వస్తే పెద్దగా భయపడనక్కర లేదనిపిస్తుంది గానీ, లెక్క కడితే ఆమె ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగపు అంచనా) సుమారు 52, అంటే కిడ్నీ పని అప్పటికే తగ్గింది. మూడు నెలల తరువాత మళ్లీ పరీక్షించి ఖాయం చేసుకో. ఈజీఎఫ్‌ఆర్ 30 కన్నా తగ్గినవారికి షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ ఇవ్వకూడదు. బీపీకి టెల్మిసార్టాన్ మొదలుపెట్టినవారికి కొద్ది వారాల్లో క్రియాటినిన్, పొటాషియం చూడాలి. నీకు తెలిసినవే అయినా, వందమంది ఓపీలో నిలబడి ఉన్నప్పుడు మరచిపోయేవి ఇవే.

కిడ్నీకి అంతకన్నా పెద్ద చేటు నొప్పి మాత్రలు. కొబ్బరి, జీడి తోటల్లో రోజంతా వంగి పనిచేసే ఒళ్లు సాయంత్రానికి డైక్లోఫెనాక్ సూదినో, మందుల దుకాణంలో చీటీ లేకుండా దొరికే మాత్రనో కోరుతుంది. ఊళ్లోని ఆర్‌ఎంపీలతో తగవు పెట్టుకుంటే వారు నీకు కనబడకుండా ఇస్తారు, అంతే. వారిని పిలిపించి, మర్యాదగా కూర్చోబెట్టి, కిడ్నీ దెబ్బతిన్నవారి జాబితాలో ఉన్నవారికి ఆ సూదులు వేయవద్దని చెప్పు. నొప్పికి పారాసెటమాల్ నీ దగ్గర ఎప్పుడూ ఉండేలా చూసుకుని ఆ తరువాత చెప్పు.

బీపీ చూసే తీరును నీవే ఒక పూట కూర్చుని గమనించు. నడిచి వచ్చిన మనిషిని ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోబెట్టకుండా, కాళ్లు నేలకు ఆనకుండా, మాట్లాడిస్తూనే పట్టీ చుట్టి, ఒక్కసారి చూసిన అంకెను రాసేస్తుంటారు. రెండోసారి చూసిన అంకె లేకుండా ఎవరికీ జీవితకాలపు మాత్రలు రాయకు.

మగవారు, ముఖ్యంగా మత్స్యకారులు, పరీక్షలకు చిక్కరు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంటుంది, అప్పుడు పడవలు ఒడ్డునే ఉంటాయి కనుక శిబిరాలు ఆ రెండు నెలల్లో, పొద్దున్నే పెట్టు. గుజరాత్‌లోని వేరావల్‌కు నెలల తరబడి వేటకు వెళ్లేవారికి నెల మందులు చాలవు. బయలుదేరే ముందే మూడు నెలలకు సరిపడా ఇచ్చి, మధ్యలో ఫోన్ చేయించు.

ఆ పల్లెల్లో ఆడవారు చుట్ట మండే కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తారు. వారి నోరు చూసేటప్పుడు టార్చి వేసి అంగిలి తప్పకుండా చూడు. క్యాన్సర్ ముందుగా తెల్లబారి అక్కడే కనబడుతుంది. మానేయమని గద్దించిన డాక్టరు దగ్గరకు వారు మళ్లీ రారు. ఉప్పు విషయం కూడా ఇంతే. రోజుకు మనిషికి 5 గ్రాముల లోపు అని గోడమీద రాస్తే సరిపోదు, ఆ ఇంట్లో ఎండుచేప, ఊరగాయ వారంలో ఎన్నిసార్లు వండుతారో వంట చేసే మనిషినే అడిగి, ఏది తగ్గించగలదో ఆమెచేతే చెప్పించాలి.

ఇక మందుల ఇండెంటు, అంటే కావలసిన మందులకు పంపే పట్టిక. కార్డుల పెట్టె నీకు ఎంతమందికి ఏ మాత్ర ఎన్ని కావాలో చెబుతుంది కనుక పాత సంవత్సరం అంకెలను తిరగరాయకుండా ఆ లెక్కతో పంపించు. నిల్వ నెలన్నరకు దిగగానే జిల్లా మందుల గిడ్డంగికి నీవే ఫోన్ చేయి, ఫార్మసిస్టు సెలవులో ఉంటే తాళం ఎవరి దగ్గర ఉంటుందో ఈ వారమే రాసి పెట్టించు.

ఆశీస్సులతో,
మీ నాన్నగారి స్నేహితుడు, విశ్రాంత వైద్యాధికారి